చక్రాల ఇంటికి కరెంటు

అమెరికా హైవేల మీద ఇళ్ళు పరుగెడుతుంటాయి. వంటగట్టు, మంచాలు, స్నానాల గది, ఫ్రిజ్, నెత్తిమీద ఏసీ... అన్నీ ఒకే బండిలో! రిక్రియేషనల్ వెహికల్ అనేది పూర్తి పేరు. అంత పొడుగు పేరెవరు పలుకుతారు? అందరూ 'ఆర్వీ' అనేస్తారు. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ ఊరికి ఈ బండ్ల తయారీయే బతుకుతెరువు. సెలవులొస్తే మనవాళ్ళు కూడా అద్దెకి తీసుకుని, పులిహోర, పెరుగన్నం సర్దుకుని బయల్దేరుతున్నారు. హోటళ్ళలో తిండి దొరుకుతుందో లేదోనన్న బెంగ లేదు కదా!

2024 జూన్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా అబ్బాయి కూడా అలాగే ఓ బండి తెచ్చాడు. పాలో డ్యూరో కాన్యన్‌కి ప్రయాణం. బండిని ముందురోజు సాయంత్రమే ఇంటికి తీసుకురావాలి. ఎందుకంటే అందులో ఫ్రిజ్ మన ఇళ్ళలో ఫ్రిజ్‌లాంటిది కాదు. కంప్రెసర్ ఉండదు. వేడి చేస్తే చల్లబడే రకం! గ్యాస్ మీదా నడుస్తుంది, కరెంటు మీదా నడుస్తుంది. కాకపోతే చల్లబడడానికి ఒక రాత్రంతా పడుతుంది. అందుకే ఇంటి కరెంటు తగిలించి ఉంచాలి. అక్కడ చాలా కాలనీల సంఘాలు ఇలాంటి బండిని ఇంటి ముందు ఒకటి రెండు రోజులకి మించి ఉంచనివ్వవు. కాబట్టి ఏం చేసినా ఆ ఒక్క రాత్రే.

నేను విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కడికెళ్ళినా కళ్ళు ముందు మీటరు పెట్టె మీదకే పోతాయి. మనకి ఇంట్లో 230 వోల్టులు. అక్కడ గోడ ప్లగ్గులో 120. అయితే వీధిలోంచి ఇంటికి రెండు ఫేజు తీగలు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఒక తీగకీ న్యూట్రల్‌కీ మధ్య 120, రెండు తీగల మధ్య 240. బట్టలారబెట్టే డ్రయ్యరుకీ, పెద్ద ఓవెన్‌కీ ఆ 240 ఇస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

మా బండి 30 ఆంపియర్లది. అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. గరాజ్‌లో గోడ ప్లగ్గు 15 ఆంపియర్లది, 1,800 వాట్లు. మధ్యలో ఒక అడాప్టరు పెడితే ప్లగ్గు దూరుతుంది గానీ కరెంటు పెరగదు కదా! మైక్రోవేవ్ ఒక్కటే 12, 13 ఆంపియర్లు లాగుతుంది. ఏసీ ఇంచుమించు అంతే. నీళ్ళు కాచే హీటరు 1,400 వాట్లు. ఒకటి నడిస్తే రెండోది ఆపాలి. ఉమ్మడి కుటుంబంలో ఒకే స్నానాల గదిలాంటి వ్యవహారం అన్నమాట.

అబ్బాయి ప్లగ్గు పెట్టాడు. టక్కుమని గోడ ప్లగ్గు ట్రిప్ అయింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ టక్కుమంది. గరాజ్‌లో, వంటింట్లో, తడి తగిలే చోటల్లా అక్కడ ప్లగ్గులోనే రక్షణ ఉంటుంది. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, ఆ తేడా 5 మిల్లీ ఆంపియర్లున్నా చాలు, కట్ చేసేస్తుంది. మన ఇళ్ళలో బిగించే ఆర్‌సీసీబీలు సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లకి పడతాయి. వాళ్ళది ఇంకా సున్నితం.

నేను లోపల ఫ్యూజుల పెట్టె వెతుకుతున్నాను. ఈలోగా అబ్బాయి దీపావళి దీపాలకి వాడే నారింజరంగు ఎక్స్‌టెన్షన్ తీగ తెచ్చి దాంతో కలిపాడు. ట్రిప్ కాలేదు! లైట్లు వెలిగాయి, ఫ్రిజ్ ఆన్ అయింది. అందరికీ సంతోషం. కోడలు సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. మనవరాలు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి తలుపు పిడి పట్టుకుంది.

"తాతయ్యా, డోరు గిలిగింతలు పెడుతోంది!" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. పిల్లని దూరంగా లాగి, "ఎవరూ బండి ముట్టుకోకండి" అని అరిచి, గరాజ్‌లోకి పోయి ప్లగ్గు పీకేశాను. పీకిన ప్లగ్గు చూస్తే మూడు పిన్నులుండాల్సిన చోట రెండే ఉన్నాయి. ఎర్త్ పిన్ను ఎప్పుడో విరిగిపోయింది.

విషయం ఇదీ. బండిలో ఎక్కడో కరెంటు లోహానికి లీకవుతోంది. మంచి ప్లగ్గు పెట్టినప్పుడు ఆ లీకు ఎర్త్ తీగ పట్టుకుని వెళ్ళిపోయింది, తేడా తెలిసి ప్లగ్గు ట్రిప్ అయింది. పాత తీగలో ఎర్త్ లేదు. లీకుకి దారి మూసుకుపోయింది. బండి నిలబడేది రబ్బరు చక్రాల మీద. దాంతో బండి ఒళ్ళంతా కరెంటెక్కి, నేలమీద కాలుపెట్టి ముట్టుకునే మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంది. ఆ రోజు సిమెంటు నేల ఎండకి పొడిగా ఉంది కాబట్టి గిలిగింతలతో పోయింది. వాన పడుంటే? ట్రిప్ కావడం ఆగిందంటే జబ్బు తగ్గినట్టు కాదు, చెప్పే నోరు నొక్కేసినట్టు.

"నాన్నా, మరి పక్కింటాయన డ్రయ్యరు ప్లగ్గులోంచి తీసుకోమంటున్నాడు, అదీ 30 ఆంపియర్లే కదా" అన్నాడు అబ్బాయి. చెప్పాను కదా, గుర్తుపెట్టుకోమని! ఆంపియర్లు అవే. వోల్టులు 240. పాత ఇళ్ళలో డ్రయ్యరు ప్లగ్గుకీ మూడు కాళ్ళే, చూడ్డానికి ఆర్వీ ప్లగ్గులాగే ఉంటుంది. అడాప్టరు చేసి తగిలిస్తే చార్జరు, మైక్రోవేవ్ క్షణంలో మాడిపోతాయి. ఆర్వీలకి అలవాటు లేని ఎలక్ట్రీషియన్లు కూడా 30 అనగానే డ్రయ్యరనుకుని 240 ఇచ్చేస్తుంటారు. కొత్తగా పెట్టించుకున్న ప్లగ్గయినా సరే, మీటరుతో చూడకుండా బండి తగిలించకూడదు.

తర్వాత పని తాపీగా చేశాం. బండిలో బ్రేకర్లన్నీ దించాం. బండి సొంత తీగతో, తిన్నగా గోడకి పెట్టాం. నిలబడింది. అన్నీ దించినా ట్రిప్ అయితే అది వేరే కథ. బండి లోపల న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలిశాయనుకోవాలి. అవి కలవాల్సింది ఇంటి మెయిన్ పెట్టెలోనే, బండిలో కలవకూడదు. బ్రేకరు న్యూట్రల్‌ని కోయదు కాబట్టి దించినా ప్రయోజనం ఉండదు. మాకు ఆ బాధ లేకపోయింది. ఒక్కొక్కటే ఎక్కించాం. ఫ్రిజ్, సరే. చార్జరు, సరే. మైక్రోవేవ్, సరే. నీళ్ళ హీటరు... టక్! దొరికింది దొంగ. నీళ్ళు లేని ట్యాంకుతో ఎవరో స్విచ్ వేసి కడ్డీ కాల్చేసి ఉంటారు. మన గీజర్ల కథే. అదృష్టం, అది గ్యాస్ మీద కూడా నడుస్తుంది. ఆ బ్రేకరు దించి, పైన టేపు అంటించేశాను.

ఆ నారింజ తీగ గురించి ఇంకో మాట. పీకినప్పుడు చేతికి వెచ్చగా తగిలింది. 16 గేజి, నూరడుగులు. అక్కడ గేజి అంకె పెరిగితే తీగ సన్నబడుతుంది. అందులో 12 ఆంపియర్లు పారితే దాదాపు 10 వోల్టులు దారిలోనే ఆవిరి! వోల్టేజి పడితే ముందు ఏడ్చేది ఏసీ మోటారు. కొనాలంటే 10 గేజి తీగ, వీలైనంత పొట్టిది కొనాలి. దానికంటే బండిని నాలుగు గజాలు వెనక్కి తీస్తే ఖర్చుండదు. మేం అదే చేశాం.

తెల్లారి 287 హైవే పట్టుకున్నాం. దారిలో 'ఎలెక్ట్రా' అనే ఊరు తగిలింది. అబ్బాయి నా వంక చూసి నవ్వాడు. ఆ పేరుకీ కరెంటుకీ ఏ సంబంధం లేదు. అది ఓ పశువుల జమీందారు కూతురి పేరట. చుట్టూ చమురు తోడే పంపులు తలలూపుతూ కనిపిస్తాయి.

పాలో డ్యూరో సుమారు 120 మైళ్ళ పొడవున్న లోయ. లోతు 800 అడుగుల పైచిలుకు. చదునుగా సాగే గడ్డి నేల ఉన్నట్టుండి విరిగి, ఎర్రమట్టి పొరలు బయటపడతాయి. గండికోట చూసినవాళ్ళకి చుట్టం ఇంటికొచ్చినట్టే ఉంటుంది. బండితో ఆ వాలు దిగుతుంటే కోడలు కళ్ళు మూసుకుంది. కింద ప్రతి చోటా ఒక కరెంటు స్తంభం. ముందు దాని బ్రేకరు దించి, ప్లగ్గు పెట్టి, అప్పుడు ఎక్కించాలి. రాత్రి ఏసీ కింద అందరూ నిద్రపోయారు.

బండి తిరిగిచ్చేటప్పుడు హీటరు సంగతి ఒక కాగితం మీద రాసిచ్చాను. కౌంటరులోని కుర్రాడు థ్యాంక్స్ చెప్పి దాన్ని మడిచి సొరుగులో పెట్టాడు. తర్వాతి కుటుంబం అప్పటికే సూట్‌కేసులతో బయట నిలబడి ఉంది. అబ్బాయిని పక్కన పెట్టుకుని వాళ్ళకి కూడా చెప్పి, టేపు అంటించిన బ్రేకరు చూపించి వచ్చాను.