సీటు ఎత్తు

సెకండియర్‌లో హాస్టల్ వదిలేసి, కాలేజీకి ఏడు కిలోమీటర్ల దూరంలో రూమ్ తీసుకున్నా. ఒక సీనియర్ దగ్గర రెండువేల ఐదువందలకి పాత సైకిల్ కొన్నా. ఏడాది బస్సు ఖర్చుతో సైకిల్ డబ్బులు వచ్చేస్తాయని లెక్క. ఆ లెక్కలో మోకాళ్ళు లేవు.

రెండో వారానికల్లా మోకాలి చిప్ప ముందువైపు నొప్పి మొదలైంది. మూడో ఫ్లోర్‌లో ల్యాబ్‌కి రెయిలింగ్ పట్టుకుని ఎక్కేవాణ్ణి. "మామా, నీకు అప్పుడే అరవై వచ్చాయిరా" అనేవాడు మా రూమ్మేట్. కూర్చునే చోట నొప్పి వేరే. దానికి మెత్తటి జెల్ కవర్ కొంటే ఇంకా ఘోరమైంది. మరీ మెత్తగా ఉంటే మనిషి అందులోకి దిగిపోయి, ఒత్తుకోకూడని చోట ఒత్తుకుంటుంది. (ఎక్కడో రాయను, మేడమ్ కూడా చదువుతారు.)

ఇక అమ్మేద్దామనుకుని, దానికి ముందు గాలి కొట్టిద్దామని షాపుకి వెళ్ళా. షాపు బాబాయ్ సైకిల్‌ని కాదు, నన్ను చూశాడు.

"సీటు ఇంత కిందకి ఎవరు దించారు బాబూ?"

"నేనే. కాళ్ళు రెండూ నేలకి ఆనాలి కదా."

"సైకిల్ తొక్కుతావా, నేల మీద నడుస్తావా?"

నన్ను గోడ పట్టుకుని కూర్చోమన్నాడు. పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలిట. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెమే వంగుతుంది. సీటు కిందకి ఉంటే ప్రతి తొక్కుడుకీ మోకాలు బాగా ముడుచుకుని, భారమంతా చిప్ప వెనక పడుతుంది. మరీ పైకి లేపినా ఇబ్బందే, అప్పుడు మోకాలి వెనక లాగుతుంది. తొడ, పిక్క, క్రాంకు, ఫ్రేము కలిస్తే మనం చదివే ఫోర్ బార్ మెకానిజమే. ఆ ప్రశ్నకి ఎక్స్‌టర్నల్‌లో ఫుల్ మార్కులు వచ్చినవాణ్ణి, నా కాలే ఒక లింకు అని తెలీదు.

నొప్పి పది రోజుల్లో తగ్గింది. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. సీటు ముక్కు కిందకి వాలి ఉండడంతో నేను ముందుకు జారి, బరువంతా అరచేతుల మీద పడుతోంది. సమంగా పెట్టాక సర్దుకుంది. టైర్లో గాలి దిగిందంటే పంక్చరే అనుకోకండి. మన సైకిళ్ళలో ఎక్కువ వాటికి వాల్వు లోపల చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది, అది చీకిపోయినా గాలి పోతుంది. వాల్వు మీద కాస్త ఉమ్ము రాస్తే బుడగ వచ్చి చెప్పేస్తుంది. పంక్చరే అయితే మాత్రం, ప్యాచ్ వేశాక టైరు లోపల వేళ్ళతో తడిమి చూడాలి. నేను చూడలేదు. అదే తుమ్మ ముల్లు ఒకే రోజు రెండోసారి దిగింది. ఆ రోజు ఇంటర్నల్ కూడా.

సంక్రాంతికి ఇంటికెళ్ళా. నాన్న రైస్‌మిల్లుకి వెళ్ళేది సైకిల్ మీదే. ఈ మధ్య అరుగు మీద నుంచి లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి వేసుకుంటున్నాడు. సైకిల్ చూస్తే సీటు అడుగుకి ఉంది.

"ఎందుకు నాన్నా ఇంత కిందకి?"

"ఎనిమిదో తరగతిలో నువ్వేగా దింపమన్నావు, కాళ్ళు అందట్లేదని. నువ్వు తొక్కుతావు కదా అని అలాగే ఉంచేశా."

దొంగ తొక్కుడు మానేసి మొదటిసారి సీటు మీద కూర్చున్న రోజు అది. అంటే ఏడేళ్ళు.

సీటు రాడ్డు తుప్పు పట్టి కదల్లేదు. రాత్రి నూనె పోసి వదిలేశా. పొద్దున పానాతో బోల్టు వదులు చేసి, మెలితిప్పి పైకి లాగితే, నాన్న సీటు ఒకప్పుడు ఎంత ఎత్తులో ఉండేదో చెప్పే గీత రాడ్డు మీద కనిపించింది. అక్కడే బిగించా.

వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. "నేలకి కాలు అందట్లేదురా."

"ఆపేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగు నాన్నా."

సరేనన్నాడు కానీ, ఎందుకైనా మంచిదని పానా క్యారేజీ సంచిలో వేసుకునే వెళ్ళాడు. సాయంత్రం చూస్తే సీటు అంగుళం కిందకి దిగి ఉంది. తప్పు నాదే, ఒకేసారి అంత లేపకూడదు. ఆ అంగుళం ఉగాదికి చూడాలి.