అంబాసిడరు దాయాది

ఆక్స్‌ఫర్డు పట్టణమునకు దక్షిణముగా ఆరేడు మైళ్ళ దూరమున, థేమ్సు నది యొడ్డున, ఆబింగ్డన్ అను చిన్న ఊరు కలదు. 1929 మొదలుకొని 1980 వరకు ఎం.జి. అను పేరుగల స్పోర్ట్సుకార్లు తయారైనది ఆ యూరనే. అచ్చటికి అనతిదూరమున, ఆక్స్‌ఫర్డు శివారునందలి కౌలీ కర్మాగారమున జన్మించిన మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ సిరీస్ కారు, సముద్రములు దాటి, కలకత్తాకు ఎగువన హుగ్లీ తీరమందలి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారి చేత అంబాసిడరను నామాంతరమును దాల్చి, 1957 నుండి 2014 వరకు మంత్రులను మోసినది, పెండ్లికొడుకులను మోసినది, మా పశ్చిమగోదావరిలోనైతే ధాన్యపు బస్తాలను సైతము డిక్కీలో మోసినది.

ఈ రెండు వాహనములకును ఇరుగుపొరుగు పరిచయము మాత్రమే కాక దగ్గరి చుట్టరికము కూడ కలదన్న సంగతి, ఇంగ్లండు మధ్యమండలమున ఉద్యోగము చేసికొనుచు నడివయస్సున ఒక పాత స్పోర్ట్సుకారు కొనవలెనను కోరిక పుట్టువరకు, తణుకువాడనైన నాకు తెలియదు. 1952లో ఆస్టిన్, మారిస్ సంస్థలు ఏకమై బ్రిటిష్ మోటార్ కార్పొరేషనుగా రూపొందిన పిదప, బి-సిరీస్ అను నాలుగు సిలిండర్ల ఇంజను ఆ సంస్థవారి కార్లలో పెక్కింటికి ఉమ్మడి ఆస్తియైనది. 1955లో వచ్చిన ఎం.జి.ఏ. కారునందు 1489 సి.సి. పరిమాణముతోనున్న ఆ యింజనే, స్వల్పభేదములతో, కొలది సంవత్సరములకు అంబాసిడరులోనికి వచ్చి కూర్చున్నది. 1962లో వెలువడిన ఎం.జి.బి.కై సిలిండరు బోరును 73 మిల్లీమీటర్ల నుండి 80కి పెంచి 1798 సి.సి. చేసిరే గాని, స్ట్రోకు మాత్రము 88.9 మిల్లీమీటర్లుగనే నిలిచిపోయినది. దీనికి రెండు ఎస్.యు. కార్బురేటర్లు, తొంబదియైదు హార్సుపవరు. మన అంబాసిడరుకు ఒక్క కార్బురేటరు, అందులో సగమునకు కొంచెము పైబడిన బలము. భేదమంతయు నింతే.

అయినను మొదట నా చూపు ఎం.జి.బి. మీదికి పోలేదు, పోర్షె బాక్‌స్టర్ మీదికి పోయినది. 1996లో వెలువడిన ఆ తొలితరపు కార్లు వయస్సుమీరి, ఇప్పుడు సామాన్యోద్యోగి చేతికందు ధరకు దిగివచ్చినవి. సీట్ల వెనుకనే అమర్చిన ఆరు సిలిండర్ల యింజను, మలుపుల యందు అసమానమైన నిలుకడ, విన్నకొలది వినవలెననిపించు నాదము, ఇన్నియు నొక యెత్తు. ఆ యింజను గర్భమున దాగియున్న ఇంటర్మీడియట్ షాఫ్టు బేరింగు ఒక యెత్తు. క్రాంకుషాఫ్టు నుండి చెయినుచే త్రిప్పబడి, తాను మరికొన్ని చెయిన్ల మూలమున కామ్‌షాఫ్టులను త్రిప్పు ఇరుసు అది. దాని కొసన, ఫ్లైవీలు వైపున, సీలువేసిన చిన్న బాల్‌బేరింగు కలదు. ఆ సీలు వదులై లోపలి గ్రీజు కొట్టుకొనిపోయి, గుండ్లరిగి, తుదకు బేరింగు పగిలెనా, చెయిన్లు వేళతప్పును, పిస్టన్లు వాల్వులను తాకును, రెప్పపాటులో ఇంజను తుక్కగును. 2001కిని 2005కును నడుమ తయారైన కార్ల విషయమై అమెరికాలో వ్యాజ్యము నడచి 2013లో రాజీతో ముగిసినది. ఒంటివరుస గుండ్ల బేరింగులలో నూటికి ఎనిమిది వంతున దెబ్బతినినవని ఆ సందర్భమున వెల్లడియైన లెక్క.

నూటికి తొంబదిరెండు పాళ్ళు క్షేమమే కదా యని మనస్సు వాదింపకపోలేదు. కాని నాకు నచ్చనిది ఆ ఎనిమిది కాదు. ఆ బేరింగును కంట చూడవలెనన్న గేరుబాక్సును దింపవలెను. చెవితో వినవలెనన్న అది పెక్కుమారులు పగులు క్షణము వరకు పలుకనే పలుకదు. పైపెచ్చు, నిత్యము తిరిగిన కార్లకంటె షెడ్డులో ముసుగు కప్పి దాచిన కార్లకే ఈ ప్రమాదము హెచ్చని ఆ యింజన్లను విప్పు చేతివారు చెప్పుదురు; అనగా, అమ్మువాడు ఏ స్వల్పమైన మైలేజిని చూపి గర్వించునో దానిని చూచియే కొనువాడు జంకవలెనన్నమాట. 2009 నుండి వచ్చిన ఇంజన్లలో ఆ షాఫ్టే లేదు గాని, వాని ధర నా అంతస్తుకు మించినది.

మాజ్డా వారి ఎం.ఎక్స్-5 కూడ చూచితిని. ఆంగ్లేయుల పాత రోడ్‌స్టర్లలోని సొగసును గ్రహించి, వాని ఆయిలు కారుడును మాత్రము వారికే విడిచిపెట్టి, 1989లో జపానువారు నిర్మించిన కారు అది. దాని యింజనును గూర్చి చెప్పుటకేమియు లేదు. అదే దాని గొప్పతనము. నా మనస్సు దానిపై నిలువకపోవుటకును అదే కారణమని సిగ్గులేక చెప్పుచున్నాను.

ఇంజనును నమ్ముట ఎట్టిదో నేను చూచినది తణుకులో, మా మేనమామగారి అంబాసిడరు టాక్సీ యొద్ద. ఆంధ్రా షుగర్సుకు పనిమీద వచ్చినవారిని, ఏలూరు ఆసుపత్రికి పోవలసిన రోగులను, ముహూర్తముల దినములలో తొమ్మండుగురు పెండ్లివారిని, ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పోవు భక్తులను, అందరిని అదే మోసెడిది. అది చెడిపోవునది కాదని చెప్పినచో పచ్చి అబద్ధమగును. ఎండకాలమున భీమడోలు దాటగనే రేడియేటరు పొంగెడిది. వరదలకు కొల్లేటి నీరు కైకలూరు రోడ్డుపైకి వచ్చినపుడు డిస్ట్రిబ్యూటరు కాపు తడిసి నడినీటిలో నిలిచిపోయెడిది. డ్రైవరు దిగి, బానెట్టెత్తి, కాపు విప్పి పొడిగుడ్డతో తుడిచి మరల బిగించి సెల్ఫు కొట్టగనే, ఏమియు జరుగనట్లు కదలెడిది. ఎన్నిమారులు ఆగినను అది మమ్ము ఇంటికి చేర్చని రాత్రి నా యెరుకలో లేదు.

అసలు పరీక్ష తాడేపల్లిగూడెములో, ఒక సాయిబుగారి షెడ్డున జరిగెడిది. ఆయన ముందుగా స్పానరు పట్టెడివారు కారు. ఇంజను నడచుచుండగా పొడుగైన స్క్రూడ్రైవరు మొనను సిలిండరు బ్లాకుకు ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు నొక్కి, కన్నులు మూసికొని, వైద్యుడు స్టెతస్కోపు మార్చినట్లు మొనను అంగుళమంగుళముగా జరుపుచు వినెడివారు. పిమ్మట ఆయిలు పోయు మూత విప్పి, లోవైపున మీగడవంటి తెల్లని జిగురు కలదేమో వ్రేలితో తడిమి చూచెడివారు. అది నీరు ఆయిలులో కలియుచున్నదనుటకు గుర్తు. తుదకు సైలెన్సరు వెనుక గొంతుకూర్చుండి పొగను చూచెడివారు. 

“తెల్లగా వస్తే నీళ్ళండి. నీలంగా వస్తే రింగులు పోయి ఆయిలు తాగుతుందండి. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ లాగుతుందండి,” అని మా మామగారికి చెప్పి, ఒక్క క్షణమాగి, “ఏ పొగా లేకుండా మరీ సుబ్బరంగా ఉందంటే మాత్రం అమ్మేవాడు రాత్రే చిక్కని ఆయిలు పోసేడని లెక్కండి బాబూ,” అనెడివారు.

ఆ యింజను బోరుకు వచ్చుచున్నదన్న సంగతి ఆరు నెలలకు పూర్వమే ఊరందరికి తెలిసెడిది. ఆయిలు తగ్గును, ఎత్తులయందు పికప్పు చచ్చును, పొగ నీలమగును. ఇంతలో చెరకు బిల్లు వచ్చువరకో, కోతలగువరకో ఓపిక పట్టి, తీరిక చూచుకొని బోరింగు చేయించెడివారు. నిడదవోలు నుండి ఏలూరు వరకు ఏ షెడ్డులోనైనను దాని కీలెరిగినవాడు ఒకడుండెను, ఏ స్పేరుపార్టుల దుకాణములోనైనను దాని సామాను దొరకెను. ఇంజను యొక్క విశ్వసనీయత ఇనుములో సగమే కలదనియు, తక్కిన సగము అది చెడుటకు ముందిచ్చు హెచ్చరికయందును, దానిని బాగుచేయు చేతుల సామీప్యమందును కలదనియు నా నిశ్చయము. ఆ గజముబద్దతో కొలిచినప్పుడు బాక్‌స్టర్ ఓడినది, ఎం.జి.బి. గెలిచినది. నేనున్న ఇంగ్లండున దానికి దొరకని విడిభాగము లేదు. 1988 నుండి దాని ఉక్కు శరీరమునే కొత్తగా, పాత అచ్చులపై చేసి అమ్ముచున్నారు.

కారు నొక పల్లెలో, విశ్రాంత ఉపాధ్యాయుడైన ఒక ఆంగ్లేయ వృద్ధుని యింట చూచితిని. నేను పోవుసరికి బానెట్టు చల్లగా నుండవలెనని ముందుగనే కోరితిని. వేడియింజను తన రోగమును దాచుకొనగలదు. సెల్ఫు తాకగనే ఆయిలు ప్రెషరు ముల్లు 60 దాటినది. నీలిపొగ లేదు. నా సంచిలోనుండి స్క్రూడ్రైవరు తీసి చెవికానించగనే వృద్ధుడు నవ్వు దాచుకొనలేక, ఇది ఏ కళాశాలలో నేర్చితివని యడిగెను. తాడేపల్లిగూడెమని చెప్పితిని, ఆయన ఆ పేరు నుచ్చరింప రెండు మారులు యత్నించి విరమించుకొనెను. టైమింగు చెయిను స్వల్పముగా సణుగుచుండెను గాని, కంప్రెషను గేజితో చూడగా నాలుగు సిలిండర్లకును నడుమ నూటికి పదిపాళ్ళ తేడాయైనను లేదు. ఈ దేశమున సీసము కలిపిన పెట్రోలు 2000తో నిలిచిపోయినది కనుక, గట్టి వాల్వుసీట్లు వేయించిన రశీదు కావలెనంటిని, చూపెను. 2021 నుండి ఇథనాలు పదిపాళ్ళు కలిసిన పెట్రోలు వచ్చినందున పాత రబ్బరు గొట్టములు మెత్తబడును. అవి మార్చలేదని తానే యొప్పుకొనెను. నలువదేండ్లు నిండిన కార్లకు 2018 నుండి వార్షిక పరీక్ష నిర్బంధము కాదు గావున, అధికారిక తనిఖీ పత్రముల వరుస అచ్చటితో ఆగిపోయినది. అందుచేత నేలపై పరుండి, తలుపుల క్రిందనుండు సిల్లుల వెంట అయస్కాంతమును జరుపుకొనుచు పోయితిని. ఎడమవైపున జానెడు మేర అది అంటుకొనలేదు; రంగు క్రింద ఇనుము లేదు, లప్పము మాత్రమే యున్నది. ఎం.జి.బి.ని చంపునది ఇంజను కాదు, తుప్పు. ఆ జానెడు చోటును చూపియే ధర తగ్గించుకొని, కారు నింటికి తెచ్చుకొంటిని.

ఫొటోలు పంపగనే మా బావ ఫోను చేసెను. “ఏంట్రా బావా, ఇది మన అంబాసిడరు ఇంజనేగా? దీనికి అన్నేసి పౌన్లు పోసేవా?” అని మొదట ఆశ్చర్యపడి, వెంటనే మెత్తబడి, “నాన్న కారుది హెడ్‌గాస్కెట్టు ఒకటి అటకమీద ఉందిరా, అట్టపెట్టె కూడా విప్పలేదు. పంపించనా?” అనెను. దీని బోరు ఏడు మిల్లీమీటర్లు పెద్దది, సరిపడదంటిని. “అయితే ఇక్కడే పెద్దది చేయించి పంపిస్తాలే,” అనెను. రాగిరేకుల నడుమ ఆస్బెస్టాసు పెట్టిన గాస్కెట్టును కోసి పెద్దది చేయుట కుదరదని నేను విన్నవించుచుండగనే, ఫోను చేతులు మారినది; బావ మాటలాడుచున్నది గూడెము షెడ్డు నుండియే. ఇప్పుడు దానిని నడపుచున్న సాయిబుగారి కుమారుడు క్షేమసమాచారముల జోలికి పోక, వేడెక్కిన తరువాత ఆయిలు ప్రెషరెంత యని యడిగెను. ఇరువదియైదని చెప్పితిని.

“ఐడిలింగులోనాండీ?”

అవునంటిని.

“అయితే తోలుకోండి. చెయిను మాత్రం చలికాలంలో మార్పించేయండి,” అని ఫోను మరల బావ కిచ్చివేసెను.