ఉప్పాడ ఒడ్డున టేపు పట్టిన

నేను నాలుగో తరగతి దాకా చదివినోణ్ణి. రాతలో తప్పులుంటే మన్నించాలె.

మా మనుమరాలికి ఈ సెమిస్టరు గదిలో పాఠాలు లేవట. ఊరూరు తిరిగి సముద్రపు ఒడ్డును చదవాలట. ఫీజు నేను దాచుకున్న సొమ్ములోంచే. "షోలాపూర్ పిల్లకు సముద్రంతో ఏం పని? అలలు లెక్కపెడితే జీతం ఎవరిస్తరు?" అని గట్టిగనే అన్న. "ఒకసారి వచ్చి చూడు తాతా, తర్వాత తిట్టు" అన్నది.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సామర్లకోటలో దిగి కాకినాడ పోయిన. మొదటి రోజు కోరింగ మడ అడవి చూపించింది. చెక్క బాట మీద నడుస్తుంటే కింద బురదలోంచి వేళ్లు మేకుల్లాగ పైకి పొడుచుకొని ఉన్నయి. అవి గాలి పీల్చే వేళ్లట. అల పోటును తగ్గించి, ఒండ్రును పట్టి ఉంచుతయట. 1839 తుఫానులో కోరింగ రేవు పాడైపోయిన సంగతి కూడా అదే చెప్పింది.

రెండో రోజు ఉప్పాడ. జమ్దానీ చీరల ఊరు. చిన్న కండెలతో, చేత్తోనే పూలు దింపుతుంటే మగ్గం కాడనే గంట సేపు నిలబడ్డ. అక్కణ్ణించి ఒడ్డుకు పోతే రోడ్డు సగం లేదు. సగం కూలిన ఇండ్లు, ఉత్త గోడలు. గోదావరి మీద ఆనకట్టలతో ఒడ్డుకు వచ్చే ఇసుక తగ్గింది, అలలు మాత్రం తగ్గలేదు అని పిల్ల చెప్పింది. అలల్ని ఆపుదామని ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాలు వేసినరట. చిరిగిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్న. ప్లాస్టిక్ దారపు నేత. పడుగు, పేక రెండూ గట్టియే. అయినా సముద్రం చించింది.

పిల్లలు గుడి గోడ నుంచి ఒడ్డు తెగిన అంచు దాకా టేపుతో కొలిచి నోటుబుక్కులో రాస్తున్నరు. వచ్చే ఏడు పిల్లలు మళ్లీ అక్కణ్ణించే కొలుస్తరట.

"కొలిస్తే సముద్రం ఆగుతదా?"

"ఆగదు తాతా. కానీ రేపు ఈ ఊరోళ్లు మా భూమి పోయిందంటే, ఎంత పోయిందో చూపడానికి లెక్క ఉండాలె గద!"

నా నోరు పడిపోయింది. మా మిల్లు కూడా ఒక్క రోజులో పోలేదు. ముందు రాత్రి పాళీ ఆగింది, తర్వాత లూమ్ ఖాతాలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగినయి. మేము చూసుకుంట ఊకున్నం, ఎవరం రాసిపెట్టలేదు. గేటుకు తాళం పడ్డంక, ఎన్నేండ్లు పని చేసినవు, రుజువేదని అడిగితే, నా చేతిల కాగితం లేదు. రావలసిన పైసల్లో సగం అట్లనే పోయినయి.

ఆ పొద్దు టేపు ఒక కొన నేను పట్టుకున్న. మనుమరాలు అంకె రాసి, పట్టినోళ్ల పేర్లల్ల నా పేరు కూడా రాసింది. రెండో వాయిదా ఫీజు ఈ నెలనే కడుతున్న.

మీ ఇంట్ల పిల్లలు ఇసుంటి చదువు అడిగితే, నా లెక్క ముందే తిట్టకుండ్రి. ఒకసారి వాళ్ల వెంట పోయి చూడుండ్రి.