యంత్రం కాదన్నప్పుడు

అమెరికాలో గడ్డి సొంత వ్యవహారం కాదు. ఇంటి ముందు పచ్చిక యజమానిదే అయినా, దాని ఎత్తు మీద పెత్తనం చాలాచోట్ల కాలనీ సంఘానిది, కొన్ని ఊళ్లలో మునిసిపాలిటీది కూడా. హద్దు దాటితే ముందు నోటీసు, తర్వాత జరిమానా. అందుకే అరెకరం, ఎకరం స్థలంలో ఇల్లున్నవాళ్లు కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం కొనుక్కుంటారు. చూడ్డానికి బుల్లి ట్రాక్టర్‌. పొట్ట కింద మాత్రం గిర్రున తిరిగే బ్లేడ్లు.

నార్త్‌ కరోలినాలో మా అక్కావాళ్లింటికి ఆ నోటీసు వచ్చిన వారంలోనే యంత్రం మొరాయించింది. మెకానిక్‌ రెండు వారాల దాకా రాలేనన్నాడు. బావ సాఫ్ట్‌వేర్‌ మనిషి. ఇంట్లో మరొకరున్నారు, ఆరు నెలలుందామని వచ్చిన బావ నాన్నగారు. గుంటూరు జిల్లాలో లైన్‌ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. కారు నడపలేరు, పక్కింటివాళ్లతో మాట్లాడలేరు, వంటింట్లోకి కోడలు రానివ్వదు. వచ్చిన రెండు నెలల్లో ఆయన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ పడలేదు.

మామయ్యగారు అడిగిన మొదటి ప్రశ్న: “తాళం తిప్పితే చప్పుడేంటి?”

ప్రశ్న చిన్నదే గానీ రోగనిర్ధారణలో సగం అందులోనే ఉంది. టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ నీరసించిందనో, దాని టెర్మినళ్లు వదులయ్యాయనో అనుమానించాలి. ఒక్కసారి ‘టక్‌’మని ఊరుకుంటే సోలినాయిడ్‌ దాకా కబురందింది, ఆ పైన కరెంటు స్టార్టర్‌ మోటారుకు చేరడం లేదు. అసలు చప్పుడే లేకపోతే కబురే వెళ్లలేదు. మాది మూడో రకం.

1912లో కాడిలాక్‌ కార్లలో చార్లెస్‌ కెటరింగ్‌ ఎలక్ట్రిక్‌ స్టార్టర్‌ వచ్చేదాకా కార్లనూ హ్యాండిల్‌ తిప్పే స్టార్ట్‌ చేసేవారు. పొలంలో ఆయిల్‌ ఇంజన్‌ హ్యాండిల్‌ తిప్పినవాళ్లకు అది ఎదురుతన్నితే మణికట్టు గతేమిటో చెప్పనక్కర్లేదు. ఈ మూవర్‌లో ఆ పని చేసిపెట్టే కరెంటుకు రెండు దారులున్నాయి. బ్యాటరీ నుంచి లావు కేబుల్‌ గుండా సోలినాయిడ్‌ మీదుగా మోటారుకు వెళ్లేది పెద్ద దారి. ఆ సోలినాయిడ్‌ను మేల్కొలపడానికి తాళం నుంచి సన్నటి వైర్లో వెళ్లేది చిన్న దారి. చిన్న దారిలో ఒకదాని వెనక ఒకటిగా కాపలా స్విచ్‌లుంటాయి. బ్రేకు పెడల్‌ తొక్కి ఉండాలి, బ్లేడ్ల మీట ఆఫ్‌లో ఉండాలి. ఏ ఒక్కటి ఒప్పుకోకపోయినా కబురు ఆగిపోతుంది. సీటు కిందా ఒక స్విచ్‌ ఉంది. బ్లేడ్లు తిరుగుతుండగా మనిషి లేస్తే ఇంజన్‌ ఆపేయడం దాని పని.

మల్టీమీటర్‌లో బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. అంటే నిండుగా ఉన్నట్టే. ఫ్యూజు బాగుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టించి, స్పార్క్‌ ప్లగ్‌ వైరు ఊడదీయించారు మామయ్యగారు. పాత కారు బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒక కొన బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించారు. సీట్లో బావ బ్రేకు తొక్కి తాళం తిప్పి పట్టుకుంటే, రెండో కొనతో ఒక్కో స్విచ్‌నీ అడుగుతూ పోయారు. తాళం దాటాక బల్బు వెలిగింది. బ్లేడ్ల మీట దాటాక వెలిగింది. బ్రేకు స్విచ్‌కు ఇటువైపు వెలిగింది, అటువైపు వెలగలేదు. కనెక్టర్‌ లాగి చూస్తే లోపల పచ్చటి చిలుము. కోత అయ్యాక ప్రతిసారీ గొట్టంతో నీళ్లు కొట్టి కడిగిన ఫలితం. నిర్ధారణ కోసం ఆ రెండు వైర్లనూ క్షణంపాటు కలిపారు. మోటారు గిర్రున తిరిగింది.

“ఇంకేం నాన్నా, అలాగే కలిపేసి టేపు చుట్టేద్దాం,” అన్నాడు బావ. స్విచ్‌ రావడానికి వారం. సంఘం గడువు శుక్రవారం. వాకిట్లో నాలుగేళ్ల మేనల్లుడు బంతాట.

మామయ్యగారు వైర్లు విడదీశారు. “ఎల్సీ లేకుండా స్తంభం ఎక్కమంటావుట్రా?”

ఎల్సీ అంటే లైన్‌ క్లియర్‌. మన ఊళ్లలో స్తంభమెక్కే ముందు సబ్‌స్టేషన్‌ నుంచి తీసుకోవాల్సిన అనుమతి. తీసుకున్న మనిషి పని ముగించి తిరిగిచ్చేదాకా ఆ లైన్లోకి కరెంటు వదలకూడదు. ఈయన దగ్గర పనిచేసిన ఒక హెల్పర్‌ ఇంకా స్తంభం మీదుండగానే ఎవరో తొందరపడ్డారు. అంతకు మించి ఆ సంగతి ఆయన చెప్పలేదు.

రాజనీతి శాస్త్రంలో అధికార విభజన గురించి రెండేళ్లు చదివాను. ఒకరు ‘సరే’ అన్నా మరొకరు ‘కాదు’ అనగలగడమే దాని సారమని పరీక్షల్లో రాశాను. ఆ ‘కాదు’ చిరాకు పుట్టించే వేళే దాన్ని తప్పించే టేపు చేతికందుతుందని ఆ పుస్తకాల్లో లేదు. బ్రేకు స్విచ్‌ను తప్పిస్తే యంత్రం గేరులో ఉండగా కూడా స్టార్టై ముందుకు దూకవచ్చు. తోసుకుపోయే మూవర్ల హ్యాండిల్‌ వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలన్న నిబంధన అమెరికాలో 1982 నుంచి అమలులో ఉంది. అలాంటి నిబంధనలు ఊరికే పుట్టవు. ఆగిన యంత్రాన్నల్లా చెడిపోయిందనుకుంటాం. అది చెడిపోయిందా, వద్దంటోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇక్కడ ‘వద్దు’ చెప్పే భాగమే చెడిపోయింది. అప్పుడైనా దాన్ని బాగుచేసుకోవాలి తప్ప నోరు నొక్కకూడదు.

యాభై డాలర్లు జరిమానా కట్టాం. స్విచ్‌ ఖరీదు పద్నాలుగు. అది వచ్చిన రోజు బ్యాటరీ నెగెటివ్‌ వైరు ఊడదీసి, కనెక్టర్‌ గీకి శుభ్రం చేసి, మామయ్యగారే బిగించారు. మొదటి తిప్పుకే ఇంజన్‌ అందుకుంది. కోత బావ చేశాడు. మామయ్యగారు వరండా మెట్ల మీద మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, బ్లేడ్లు పూర్తిగా ఆగేదాకా కిందికి దిగనివ్వలేదు.