ఏ కటకం మార్చాలి?

ఒక ఏడాదిగా నన్ను ఒక ప్రశ్న వేధిస్తూ వుంది. పక్షుల ఫొటోలు తీయడానికి నా దగ్గరున్న కెమేరా, లెన్సు చాలునా, లేక కొత్తవి కొనాలా? ఇంత చిన్న విషయానికి విమర్శ పత్రికలో చోటేమిటని మిత్రులు అడగవచ్చు. కాని సాహిత్యంలో వస్తువనీ, శిల్పమనీ, ప్రయోజనమనీ మనం గంటల తరబడి వాదిస్తాం. ఆ మాటలే మన జేబులోని డబ్బుతో ముడిపడినప్పుడు మనం ఎలా ప్రవర్తిస్తామన్నది తెలుసుకోదగిన విషయమే. కనుక దీన్ని ఒక ఆత్మవిమర్శగా చదవవలసిందని మనవి.

నేను కాలేజీలో తెలుగు చెబుతాను. మాది పెద్దపంజాణి. పుంగనూరుకూ పలమనేరుకూ నడుమ బండరాళ్ళ గుట్టలూ, చెరువులూ, టమోటా తోటలూ వున్న నేల. ఎం.ఏ.లో నేను చక్రవాకాలూ, చకోరాలూ, చాతకాలూ చదివాను. తరువాత వాటినే పాఠంగా చెప్పాను. ఒక్కదాన్నీ కళ్ళతో చూడలేదు. చక్రవాకమంటే బాపనబాతు అనే వలస బాతేనని కూడా నాకు తెలియదు. ఒకనాడు క్లాసులో ఒక అమ్మాయి, “చాతకం ఎట్లుంటుంది సార్?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ ఏడే ఒక సెకండ్‌హ్యాండ్ నికాన్ కెమేరా కొన్నాను. 24 మెగాపిక్సెళ్ళది. దానికి 70–300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు. తొలకరి పడిన తరువాత చెరువుకట్ట మీది తుమ్మచెట్టులో ఒక పిట్టను ఫొటో తీశాను. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నెత్తి మీద జుట్టు. పుస్తకంతో పోల్చి చూస్తే అదే చాతకం. వానచుక్క తప్ప ముట్టదని కవులు కీర్తించిన ఆ పక్షి బొచ్చు గొంగళిపురుగును ఆరగిస్తూ వుంది! పైగా అది తన గుడ్లను వేరే పిట్టల గూళ్ళలో పెట్టి, పిల్లల్ని సాకే చాకిరీ వాటికి వదిలి వెళుతుంది. మన ప్రాచీన కవులు ఆదర్శంగా నిలబెట్టిన ప్రాణి పరుల శ్రమ మీద బతికేదని తెలిసి నాకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుతోనే నాకు ఈ అలవాటు పట్టుకుంది.

అలవాటు జబ్బుగా మారింది మాత్రం హార్సిలీ కొండల మీద. అక్కడ పసుపుగొంతు పికిలి వుంటుంది. దక్షిణ భారతంలోని బండరాళ్ళ గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఆ పిట్ట మరెక్కడా లేదు. దానికోసం బెంగుళూరు నుంచి నలుగురు వచ్చి వున్నారు. వారిలో ఒకాయన దగ్గర వున్నది 600 మిల్లీమీటర్ల పెద్ద లెన్సు. దాని ధర ఒక్కటే 10 లక్షలు దాటుతుంది. ఆయన నా లెన్సు చూసి జాలిగా నవ్వాడు. మనిషి మంచివాడే. ఇద్దరివీ ఒకే కంపెనీ కెమేరాలు కావడంతో, తన లెన్సును పది నిమిషాలు నా కెమేరాకు తగిలించి ఇచ్చాడు. పిట్ట రాతిబండ పక్క పొదలోని కొమ్మ మీద వాలింది. ఈక ఈకా లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఫొటో వచ్చింది. ఇంటికి వచ్చాక నా పాత ఫొటోలన్నీ నాకు చెత్తగా కనిపించాయి.

అప్పటినుంచి లెక్కలు వేశాను. పక్షి కన్నును తనంతట తానే వెతికి పట్టుకొనే కొత్త రకం మిర్రర్‌లెస్ కెమేరా, 600 దాకా సాగే జూమ్ లెన్సు కలిస్తే 4 లక్షలకు దగ్గర. నేను కూడబెట్టినది లక్షన్నర. తక్కినదానికి వాయిదాలు. నా ఉద్యోగం ఏటా కొత్తగా రాసుకొనే కాంట్రాక్టు. “ఏమండీ, వాయిదాలు మూడేళ్ళు. మీ కాంట్రాక్టు ఎన్నాళ్ళు?” అని మా ఆవిడ అడిగింది. అంతకన్నా క్లుప్తమైన ఆర్థిక విమర్శ నేను చదవలేదు.

ఇక్కడ మనవాళ్ళు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది సరుకును చూసి భ్రమపడటం. మనిషికి రావలసిన నేర్పు వస్తువులోనే వుందనీ, దాన్ని కొంటే నేర్పు కూడా పెట్టెలో పెట్టి ఇస్తారనీ నమ్మడం. రెండవది దీనికి విరుగుడనుకొని లేమిని సుగుణంగా పూజించడం. పనిముట్టును తక్కువగా చూడటం అభ్యుదయం కాదు. మంచి నాగలి కోరే రైతును మనం దురాశాపరుడని అనం గదా! కనుక ఈ పనికి ఏ పనిముట్టు అవసరమన్నదే అసలు ప్రశ్న.

జవాబు కోసం పోయిన శీతాకాలంలో చెడిపోయిన ఫొటోలన్నీ ముందేసుకొని కూచున్నాను. 212 తేలాయి. వాటిలో 118 నా చెయ్యి కదలడం వల్లా, షట్టరు వేగం చాలకపోవడం వల్లా చెడినవి. 51 మధ్యాహ్నపు ఎండలో నేలనుంచి లేచే వేడిగాలికి బొమ్మ అలలాడి చెడినవి. ఆ వేడిగాలిని 10 లక్షల లెన్సు కూడా ఆపలేదు. కేవలం దూరం వల్ల పాడయినవి 43.

దూరం సంగతి కూడా లెక్కకు అందేదే. 20 సెంటీమీటర్ల పిట్ట 20 మీటర్ల దూరంలో వుంటే, 300 మిల్లీమీటర్ల లెన్సు దాన్ని కెమేరా లోపల 3 మిల్లీమీటర్ల బొమ్మగా చూపుతుంది. 600 లెన్సు అయితే 6 మిల్లీమీటర్లు. కాని అదే పాత లెన్సుతో 10 మీటర్లకు దగ్గరగా పోగలిగితే అప్పుడూ 6 మిల్లీమీటర్లే. ఆ 10 మీటర్లను డబ్బుతో దాటవచ్చు, ఓపికతోనూ దాటవచ్చు. నడిచీ, కూచునీ దగ్గర కాలేని చోటు ఒకటుంది: చెరువు నడిమి నీళ్ళు. నా 43లో ఎక్కువ భాగం అక్కడివే.

ఇంతవరకు వచ్చాక మరొక ప్రశ్న అడగక తప్పలేదు. అసలు ఈ ఫొటోలు దేనికి? బహుమతులకు కాదు, అమ్మకానికీ కాదు. నేను చేస్తున్న పని ఒకటే. మా ప్రాంతంలో పిట్టలకున్న తెలుగు పేర్లను ఫొటోతో సహా రాసిపెట్టడం. నెల్లూరులో పనిచేసిన డాక్టరు జెర్డన్ 1862–64 మధ్య అచ్చువేసిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పక్షుల పక్కన తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. పసుపుపచ్చని పిట్టకు ‘వంగపండు’ అని వుంటుంది. ఆ పేరు ఆయనకు ఏ వేటగాడో, ఏ కాపరో చెప్పివుండాలి. పుస్తకం మీద వున్నది జెర్డన్ పేరు. ఈనాడు నా క్లాసులో వంగపండు అంటే తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పేరుకూ పక్షికీ వున్న సంబంధం ఎంత బలమైనదో పొరుగున వున్న కడప జిల్లాలో రుజువయింది. కలివికోడి 1900 తరువాత ఎవరికంటా పడలేదు కనుక అది అంతరించిందని శాస్త్రజ్ఞులు అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ పక్షి బొమ్మను పల్లెల్లో చూపి వాకబు చేశాడు. 1986 జనవరిలో ఒక రాత్రి స్థానిక వేటగాడొకడు టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. శాస్త్రానికి కనిపించని పక్షికి కలివిపొదల పక్కన బతికే జనం భాషలో పేరు వుండనే వుంది. అక్కడ పనిచేసింది గొప్ప కటకం కాదు, ఒక బొమ్మా, తెలిసిన మనిషీ.

నాకూ అటువంటి మనిషి ఒకాయన వున్నాడు. గొర్రెలు కాచే పెద్దాయన. రెండేళ్ళుగా నా ఫొటోలకు పేర్లు చెబుతున్నది ఆయనే. హార్సిలీ కొండల మీది గొప్ప ఫొటోను గర్వంగా ఆయనకు చూపాను. ఫోను చేతికి తీసుకొని చాలాసేపు చూశాడు.

“బాగుండాది సామీ. పెండ్లి ఫొటో మాదిరి వుండాది. యాడ తీస్తిరి?”

“ఏం పిట్ట తాతా?”

“యాడ కూచోనుండాదో చెప్పు. చెట్టా, బండా? వొంటిగా వుండెనా, జతగానా?”

ఫొటోలో పక్షి వెనక పచ్చటి మసక తప్ప మరేమీ లేదు. పెద్ద లెన్సులు అలాగే చేస్తాయి, దాన్నే అందమంటారు. ఆ తరువాత నేను చెత్త అనుకున్న ఒక ఫొటో చూపాను. చెరువుకట్ట, బురద, దూరాన చిన్న పిట్ట. ఆయన వెంటనే, “తీతువు. గుడ్లు పెట్టుండాది, అందుకే అట్ట నిలబడుండాది” అన్నాడు.

నాలోని విమర్శకుడు ఎగిరి గంతేశాడు. పరిసరాలనుంచి విడదీసిన పాత్ర నిర్జీవమని మనం నవలల గురించి చెప్పేమాటే గదా ఇది! పెద్ద లెన్సు వ్యక్తివాద శిల్పమనీ, నా చిన్న లెన్సు వాస్తవికతావాదమనీ వ్యాసం కూడా మొదలుపెట్టాను.

మూడోనాడు ఆ సిద్ధాంతం కూలింది. పెద్దాయన ఫోనును ముఖానికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పెట్టి చూస్తుంటే అప్పుడు గమనించాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఈకల వివరం ఆయనకు కనిపించనేలేదు. నిలబడిన తీరునూ, చోటునూ బట్టి పేర్లు చెబుతున్నాడు. నేను సౌందర్యశాస్త్రం అనుకున్నది చాలావరకు కంటిజబ్బు. రెండేళ్ళు పిట్టలకేసి చూసిన నేను, పిట్టలపేర్లు చెప్పే మనిషి కళ్ళకేసి చూడలేదు!

“ఆస్పత్రికి ఎందుకు పోలేదు తాతా?”

“ఆపరేషను వూరికే చేస్తారంట సామీ. గొర్రెలు ఎవురు తోలకపోతారు? కొన్నాళ్ళు దుమ్ములోకి పోగూడదంట.”

శుక్లం ఆపరేషను అంటే ముదిరి తెల్లబడిన కంటిలోని సహజ కటకాన్ని తీసి, కృత్రిమ కటకాన్ని అమర్చడం. సర్కారు ఆస్పత్రిలో దానికి డబ్బు అక్కరలేదు. కాని రోజు కూలీ మీద బతికేవాడికి ఉచిత వైద్యంలో ఉచితం కానిది కాలం. గొర్రెలు తోలడానికి ఇరవై రోజులు మనిషిని పెట్టడానికీ, ఆటోలకూ కలిపి నా లక్షన్నరలోంచి పోయినది 10,000 లోపే. దీన్ని దానమని ఎవరూ అనవద్దు. రెండేళ్ళు ఆయన దగ్గర చదువుకొని నేను ఫీజు కట్టలేదు.

కట్టు విప్పిన నెలకు ఆ గొప్ప ఫొటోనే మళ్ళీ చూపాను. ఈసారి ఒక్క క్షణం చాలు. “గొంతు పసుపు వుండాదే! ఇది మన వూరి పికిలి గాదు సామీ.” అంటే వివరానికి విలువ వుంది. ఆ వివరం ఇచ్చింది పెద్ద లెన్సే. నేను రాయబోయిన వ్యాసం తప్పని ఒప్పుకోవాలి. ఐతే ఆయన వెంటనే, “యాడ తీస్తిరి? బండల కాడనా?” అని కూడా అడిగాడు. అంటే నా వ్యాసం పూర్తిగా తప్పూ కాదు. ఆ పిట్టకు బండరాళ్ళ గుట్టే ఇల్లు.

కనుక నా నిర్ణయం ఇది. కొత్త కెమేరా కొనను. నా ఫొటోలకు గీటురాయి బెంగుళూరు మిత్రుల మెప్పు కాదు. చూసిన మనిషి పేరు చెప్పగలగాలి, ఆ పిట్ట ఎక్కడ బతుకుతుందో కూడా అందులో కనిపించాలి. ఇకపై ప్రతి పక్షికీ రెండు ఫొటోలు తీస్తాను: ఒకటి దగ్గరగా, ఒకటి చుట్టుపట్లతో. షట్టరు వేగం సెకనులో వెయ్యోవంతుకు తగ్గనివ్వను. ఎండ ముదిరాక ఇంటికి వచ్చేస్తాను. దానితో 169 తప్పులు చాలావరకు పోవాలి. చెరువు నడిమి 43 అలాగే మిగిలితే, 2015లో వచ్చిన నికాన్ 200–500 లెన్సు సెకండ్‌హ్యాండులో కొంటాను. అది 2.3 కిలోల బరువు. నాకు చెప్పిన ధర 65,000. వాయిదాలు అక్కరలేదు.

కోరిక చచ్చిందని మాత్రం చెప్పలేను. ఇప్పటికీ రాత్రిపూట ఆ 600 లెన్సు ధర చూస్తూనే వుంటాను. పెద్దాయన రెండో కంటికి సంక్రాంతి తరువాత రమ్మన్నారు. గొర్రెలకు మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టాను. నా లెన్సు సంగతి ఆ తరువాత.