ఉదయగిరి సీతాఫలము

ఆశ్వయుజ మాసము వచ్చేసరికి ఉదయగిరి దుర్గం కొండపై సీతాఫలాలు పక్వానికి వస్తాయి. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న ఆ దుర్గం అక్కడి బాలబాలికలకు ముందుగా పండ్ల కొండ. చరిత్ర తరువాతి మాట. ఈ చెట్టు పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రదేశమనీ, పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చినదనీ వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. వచ్చిన అతిథికి మనవారు సీతమ్మ పేరు పెట్టుకొన్నారు. ఉర్దూ గ్రంథాలలో అది షరీఫా. మా ఇండ్లలో మాత్రం సీతాఫల్ అనే అంటాము.

జాతీయ సేవాపథకం శిబిరానికి వెళ్లినప్పుడు అక్కడి ఒక ప్రాథమిక పాఠశాలలో రెండవ తరగతి పిల్లలు సీతాఫలాలు విప్పి గింజలు లెక్కించుట చూచాను. ఒకని పండులో 41, ప్రక్కవాని పండులో 27. "ఒకే చెట్టు పండ్లు గదా టీచర్, ఎందుకిట్లా?" అన్నాడొకడు. ఉపాధ్యాయిని చక్కగా చెప్పారు: ఒకే పువ్వులోని అనేక అండాశయాలు కలిసి ఈ పండవుతుంది, చిన్న పురుగులు పుప్పొడి చేర్చిన చోట గింజ, దాని చుట్టూ గుజ్జు, చేర్చని చోట పండు సొట్ట. పిల్లలు వెంటనే సొట్టపండ్ల వేటలో పడ్డారు.

ఆమె నల్లబల్లపై "బీజము" అని వ్రాశారు. తెలుగు ఇండ్ల పిల్లలు తెల్లబోయారు. వారికది గింజ, లేదా విత్తనం. ఒక ముస్లిం బాలిక మాత్రం "బీజ్!" అంటూ లేచింది. సంస్కృత పదం ఉర్దూ వంటింటి మీదుగా ఆమెకు అందినది. ఎం.ఏ.లో చదివిన తద్భవ ప్రకరణమంతా నాకు అప్పుడు కళ్లకు కట్టింది. ఉర్దూ ఇండ్ల పిల్లలకు తెలుగు రాదను మాట తరచు వింటాము. వారికేమి వచ్చునో అడిగినవారు అరుదు.

కాయ "కళ్లు" విచ్చి సందులు తెల్లబడితే కోయవచ్చునని చెప్పినదీ ఆ బాలికే. గింజల పొడి పేలకు మందని మరొకరన్నారు. కంటిలో పడితే చూపుకే ముప్పని ఉపాధ్యాయిని గట్టిగా హెచ్చరించారు. అది చెప్పకుండా ఆ గింజలను పిల్లల చేతికివ్వరాదు.

ఆత్మకూరు వైపు పాఠశాలలలో ఇదే పాఠానికి తాటిటెంక చాలును. పాతిన టెంక నుండి తేగ, పగులగొడితే బుర్రగుంజు. మొలకెత్తు విధానమంతా తింటూనే నేర్వవచ్చును.

హాజరుపట్టీలో ఆ బాలిక పేరు ఎదుట ఆ నెలంతా గైర్హాజరు గుర్తులే ఎక్కువ. పండ్ల కాలంలో తల్లితో తెల్లవారక ముందే కొండకు పోతుందట. ఆనాడు గింజలను మట్టికుండలో నాటారు. మొలకకు నెల పైన పట్టవచ్చును. నీళ్లు పోయుటకు వంతులు వేసుకొన్నారు. మరునాటి వంతు ఆమెది. ఆమె రాలేదు, కొండపై కాయలింకా ఉన్నవి.