పసుపు పూసిన గడ్డలు

దేవరకొండ వైపు నుంచి వచ్చినా, ఇటు కల్వకుర్తి, అచ్చంపేట నుంచి వచ్చినా, ఒంటి మీద గడ్డతో నా దగ్గరికి చేరే పశువుకైనా కుక్కకైనా ఆ గడ్డ పచ్చగానే ఉంటుంది. పసుపు. దాని కింద ఒక్కోసారి వేపాకు ముద్ద, ఒక్కోసారి జిల్లేడు పాలు ఎండిన మరక, ఇంకోసారి నల్లజీడి కాల్చిన మచ్చ. స్పిరిటు దూదితో అదంతా తుడిస్తే తప్ప గడ్డ అంచు కనిపించదు. ఇందులో నాకు కోపమేమీ లేదు. ఇంట్లో ఉన్నది ముందు పూసి, తగ్గకపోతే ఆటో కట్టించుకుని బయల్దేరడం మనవాళ్ళు తమ ఒంటికి చేసుకునేదే.

పైగా కొన్ని మందులు పనిచేస్తాయి కూడా. పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు దంచి కట్టడం పాలమూరు గుట్టల్లో మేకలు కాసే పిల్లలకూ తెలుసు. ఆ ఆకులో, గింజలో పురుగును చంపే గుణం నిజంగానే ఉంది. కాకపోతే అదే గింజ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పుండుపడుతుంది. తెల్ల మొహం ఉన్న ఒక సంకరజాతి ఆవుకు మూడో రెప్ప మీద కండ పెరిగింది. రంగు లేని రెప్పలకు ఎండ తగిలి తగిలి వచ్చే క్యాన్సర్ అది. రసి కారుతుంటే ఈగలు వాలి పురుగులు పడ్డాయి. వాటి కోసం సీతాఫలం గింజల పొడి చల్లారు. పురుగులు చచ్చాయి, కన్ను తెల్లబడింది, కండ మాత్రం పెరుగుతూనే పోయింది. మొదట్లో ఆ రెప్పను కత్తిరిస్తే సరిపోయేదానికి చివరికి కన్నే తీయాల్సి వచ్చింది.

ఆకుమందుకు అన్నిటికంటే ఎక్కువ పేరు తెచ్చిపెట్టినవి దూడల ఉలిపిరికాయలు. మెడ చుట్టూ, చెవుల దగ్గర, మూతి మీద గోబిపువ్వులా గుత్తులు గుత్తులుగా లేస్తాయి. వైరస్ వల్ల వచ్చే గడ్డలివి. రెండేళ్ళలోపు పశువుల్లో ఎక్కువ. ఒంట్లోని రోగనిరోధక శక్తి ఆ వైరస్‌ను గుర్తుపట్టేదాకా కొన్ని నెలలు ఉండి, తర్వాత చాలావరకు ఏ మందూ లేకుండానే రాలిపోతాయి. ఆ ఆఖరి వారాల్లో ఎవరు ఏం చేస్తే వాళ్ళకే పేరు. గుర్రపు వెంట్రుక కట్టినవాళ్ళు, మంత్రం వేసినవాళ్ళు, తూజా చుక్కలు పోసినవాళ్ళు అందరూ గెలిచినవాళ్ళే. ఆ మాటకొస్తే ఇంజెక్షన్ పొడిచి ఆ పేరులో వాటా కొట్టేసిన డాక్టర్లూ తక్కువేం లేరు.

పెబ్బేరు సంతలో ఒక పెద్దమనిషి నన్ను నిలదీశాడు. “సారూ, మా లేగకు పసరు రాస్తే కాయలన్నీ రాలినయ్. గదే పసరు మా కుక్క గడ్డకెందుకు పనిచెయ్యది?”

“అది వేరే గడ్డ తాతా” అన్నాను. ఆయనకు నచ్చలేదు. కానీ నేను చెప్పగలిగిన అసలు మాట అదే. చర్మం మీద లేచిన ప్రతిదాన్నీ మనం గడ్డ అనే అంటాం. లోపల ఉండేవి మాత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని జబ్బులు.

నల్లగొండలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో లాబ్రడార్ ఉండేది. తొడ మీద గడ్డ. ఒక రోజు ఎర్రబడి ఉబ్బుతుంది, నాలుగు రోజులకు సగమవుతుంది. ఉబ్బినప్పుడల్లా నల్లమల నుంచి తెప్పించిన పసరు వేలితో గట్టిగా రుద్దుతున్నారు. పసుపు గోళీలు, అశ్వగంధ మాత్రలు తినిపిస్తున్నారు. మాస్టారు కదా, నోటుబుక్కులో తేదీలు కూడా వేశారు. “మందు వేస్తే తగ్గుతోంది డాక్టరు గారూ, మళ్ళీ వస్తోంది” అన్నారు ఆయన భార్య. ఆ మాటతోనే అనుమానం వచ్చింది. సన్నసూది గుచ్చి, లాగిన చుక్కను గాజుపలక మీద పరిచి, జీమ్సా రంగు వేసి చూస్తే కణాల నిండా ఊదారంగు రేణువులు. మాస్ట్ సెల్ ట్యూమర్. ఆ రేణువుల్లో హిస్టమిన్ ఉంటుంది. గడ్డను నలిపినా గోకినా అది బయటపడి చుట్టూ వాపు తెస్తుంది, కొన్నాళ్ళకు వాపు దానంతటదే దిగుతుంది. అంటే పసరు రుద్దిన వేలే గడ్డను ఉబ్బించింది. వాపు దిగితే పేరు పసరుకు దక్కింది. ఆ హిస్టమిన్ రక్తంలో కలిసి కడుపులో ఆమ్లం పెంచుతుంది, పుండ్లు చేస్తుంది. అప్పటికే ఆ కుక్క తిండి తగ్గించి, పెంట నల్లగా వేస్తోంది. కారణం అదే. చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా, కింద ఒక పొర లోతుగా కోసి తీశాం.

వాళ్ళమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఈ కథ విని తన ఫెరెట్ ఫోటో పంపింది. ఫెరెట్ అంటే చూపుకు మన ముంగిసను గుర్తుచేసే పెంపుడు జంతువు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పెంచుకుంటారు. కాలిఫోర్నియా, హవాయిల్లో నిషేధం. దాని మెడ మీద చెక్కు కట్టిన చిన్న బొడిపె. “అంకుల్, ఇది కూడా మాస్ట్ సెల్లేనట. కోయకుండా పసుపు, ఏవైనా మూలికల చుక్కలు పోస్తూ చూడొచ్చా?” అని అడిగింది.

నేను ఫెరెట్‌ను పుస్తకాల్లో చూడడమే గాని చేత్తో పట్టినవాణ్ణి కాదని ముందే చెప్పాను. విచిత్రమేమిటంటే, కుక్కలో ప్రాణం తీయగలిగిన ఈ గడ్డ ఫెరెట్‌లో చాలావరకు నిరపాయకరం. దురద పెడుతుంది, చెక్కు కడుతుంది, కొన్నిసార్లు పోయి మళ్ళీ వస్తుంది. కోసి తీస్తే సాధారణంగా అక్కడితో సరి. పోయి వచ్చే గడ్డ కాబట్టి అక్కడ కూడా మూలికల సీసాకు పేరు తేలిగ్గా వస్తుంది. నష్టం మరోచోట ఉంది. ఫెరెట్ పూర్తి మాంసాహారి, పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి పోతుంది. బరువు కిలో అటూ ఇటూ. నడివయసు దాటినవాటికి క్లోమంలో ఇన్సులినోమా అనే గడ్డ తరచుగా వస్తుంది. తేనెలో, తీపి పాకంలో కలిపిన మందు పడితే ఇన్సులిన్ ఎగదన్ని చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. టీ ట్రీ నూనెలాంటివి రాస్తే నాకి విషం తెచ్చుకుంటుంది. “కోయించెయ్యమ్మా” అన్నాను. కోయించింది.

నన్ను ఆకుమందుల శత్రువనుకోవద్దు. క్యాన్సర్ మీద నేను వాడినవాటిలో నాకు ఎక్కువ నమ్మకమున్న మందు మన గడపల్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిందే. వీధికుక్కల్లో జతకట్టినప్పుడు అంటుకునే గడ్డ ఒకటుంది. మర్మాంగాల దగ్గర మొదలై, నాకడం వల్ల మూతికీ ముక్కుకూ పాకుతుంది, కొన్నిసార్లు చర్మం మీదా లేస్తుంది. ఇక్కడ అంటుకునేది క్రిమి కాదు, క్యాన్సర్ కణమే. 1876లో నోవిన్‌స్కీ అనే రష్యా పశువైద్యుడు ఈ గడ్డను ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటించి చూపాడు. దీనికి విన్‌క్రిస్టిన్ ఇస్తాం: కిలో బరువుకు 0.025 మిల్లీగ్రాములు, వారానికోసారి, నాలుగు నుంచి ఆరు వారాలు. చాలా కుక్కల్లో గడ్డ పూర్తిగా కరిగిపోతుంది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ బిళ్ళగన్నేరు ఆకును షుగరు మందుగా పరీక్షించబోతే చక్కెర తగ్గలేదు, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. విన్‌బ్లాస్టిన్ అలా దొరికింది. అదే ఆకు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఈ సంగతి చెప్పగానే ఒక గొర్రెలకాపరి తన కుక్కకు బిళ్ళగన్నేరు ఆకు నూరి తాగించాడు. రెండు రోజులు వాంతులు, విరేచనాలు. గడ్డ గడ్డలాగే ఉంది. టన్నుల ఎండుటాకు నుంచి గ్రాముల్లో వచ్చే మందు అది. నరంలోకి ఎక్కించేటప్పుడు కాస్త బయటికి జారినా అక్కడి చర్మం కుళ్ళి ఊడుతుంది. అంత జాగ్రత్తగా కొలిచి ఇవ్వాల్సినదాన్ని గుప్పెడు ఆకుతో లెక్కేయలేం.

గడ్డ కనిపిస్తే నేను అడిగేది కొంచెమే. ఆ రోజు తేదీ రాసుకోండి. దారంతో అడ్డంగా కొలిచి ముడి వేసి దాచండి. నలపకండి, రుద్దకండి. సూది పరీక్ష అయ్యేదాకా ఏమీ పూయకండి. ఇప్పటికే ఏదైనా పూసి ఉంటే, తినిపించి ఉంటే దాచకుండా చెప్పండి. పసుపు, వెల్లుల్లి మాత్రలు ఎక్కువగా పడితే రక్తం గడ్డకట్టడం ఆలస్యం కావచ్చు, కత్తి పట్టేముందు అది మాకు తెలియాలి. మేం తిట్టం.